కళ్ళు మూసే కల్వర్టు

అస్కా రోడ్డులో చెరుకు తోటలు మొదలయ్యే చోట ఒక కల్వర్టు ఉంది. రాత్రిపూట అటు వెళ్ళే డ్రైవర్ల కళ్ళు, వెనకనుంచి ఒక ఆడమనిషి వచ్చి మూసేస్తుందట. ఆ చేతులు చల్లగా ఉంటాయట. బతికి బయటపడ్డవాళ్ళందరిదీ ఒకటే మాట.

అందుకే గోపాలపూర్ చేపల బళ్ళవాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. కల్వర్టు కనబడగానే పాటలు ఆపేయాలి. హారన్ కొట్టకూడదు. నోరు మెదపకూడదు. మనిషి గొంతు వింటే ఆవిడ లేస్తుంది.

ఆ డ్రైవర్లలో అప్పలరాజు ఆ కట్టు ఏనాడూ తప్పలేదు. అయినా రెండుసార్లు ఆవిడకి చిక్కాడు. మొదటిసారి బండి చెరుకులోకి దిగింది. రెండోసారి కల్వర్టు గోడకి రాసుకుని ఆగింది... ఇంకో జానెడైతే కాలవలోకే.

"మూడోసారి ఒదల్దు వదినా," అన్నాడు తోటి డ్రైవరు లక్ష్ముడు. "అయినా మా అన్న గురకకి దెయ్యాలే ఊరొదిలి పోవాల. ఇదేటో సెవిటి దెయ్యం!"

అప్పలరాజు భార్య పద్మినికి నవ్వు రాలేదు.

ఆ గురక సంగతి ఆమెకే తెలుసు. అర్ధరాత్రి ఉన్నట్టుండి ఆగిపోయేది. పొట్ట ఎగిసిపడేది — ఊపిరి మాత్రం రాదు. ఎవరో పీక నొక్కి పట్టుకున్నట్టు... తరవాత ఒక్కసారి వదిలేసినట్టు, పెద్ద ఎగశ్వాస.

ఆవిడ కల్వర్టు దగ్గరే ఆగలేదు. ఇంటిదాకా వస్తోంది. పద్మిని అతని మెడలో తాయెత్తు కట్టింది. ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో అతని దవడపన్ను చిట్లింది. బరంపురంలో పళ్ళ డాక్టరు లక్ష్మీదుర్గ దగ్గరికి పద్మిని తీసుకెళ్ళింది.

పట్టపగలు. నెత్తిమీద పెద్ద లైటు. డాక్టరమ్మ సూది ఇచ్చి, చిగురు మొద్దుబారేదాకా ఆగుదామని పక్కకి జరిగింది. అంతలోనే అప్పలరాజు కుర్చీలో నిద్రపోయాడు. గురక మొదలైంది.

ఆగింది.

పద్మిని అతని మెడలో తాయెత్తు పట్టుకుంది.

"ఇక్కడికీ వచ్చీసినాది..." అంది గొణుగుతూ.

"ఎవరు?"

అప్పుడే అతను ఎగశ్వాసతో ఉలిక్కిపడి లేచాడు. డాక్టరమ్మ పన్ను సంగతి పక్కన పెట్టింది. అరిగిన పళ్ళు చూసింది. నాలుక అంచున పళ్ళ గుర్తులు చూసింది. టేపుతో మెడ కొలిచింది.

"రాత్రి కూడా ఇలాగే ఊపిరి ఆగుతుందా? పగలు తూగుతుంటాడా?"

పద్మిని అంతా చెప్పేసింది. కల్వర్టుతో సహా.

డాక్టరమ్మ నవ్వలేదు. "నిద్రలో గొంతు మూసుకుపోతున్నట్టుందమ్మా. రాత్రంతా నిద్ర తెగుతూనే ఉంటుంది. ఆ నిద్రే స్టీరింగు దగ్గర మీద పడుతుంది. పాటా మాటా లేకుండా నడిపితే ఇంకా తొందరగా. ఊపిరితిత్తుల డాక్టరు చూసి తేల్చాలి. అప్పటిదాకా బండి ముట్టుకోవద్దు." అతని గెడ్డం పట్టుకుని చూసింది. "దవడ కూడా చిన్నది, లోపలికుంది. గొంతులో గాలికి చోటు చాలదు."

"మా పాప అరుణదీ ఇదే గెడ్డమండీ. తండ్రి పోలిక," అంది పద్మిని మురిపెంగా.

"పాపని కూడా ఒకసారి తీసుకురండి."

పళ్ళకేమో అనుకుంది పద్మిని. తీసుకెళ్ళలేదు.

పరీక్షలో డాక్టరమ్మ మాటే నిజమైంది. రాత్రిళ్ళు ముక్కుకి గాలి పెట్టే మిషను వచ్చింది. గురక పోయింది. పగటి తూగు పోయింది. ఇక నడపొచ్చని ఊపిరితిత్తుల డాక్టరు అన్నాక అప్పలరాజు మళ్ళీ బండెక్కాడు.

ఒక సాయంత్రం ముగ్గురూ అస్కా బయల్దేరారు, చుట్టాలింటికి. అరుణ బండిలో సీటు వెనక బల్లమీద పడుకుంది. చీకటి పడే వేళకి కల్వర్టు కనబడింది. అప్పలరాజు కావాలనే పాట పెంచాడు.

"రమ్మను దాన్ని, సూద్దాం!"

పద్మిని కూడా నవ్వింది. ఆ నవ్వులోనే... పాట వెనక ఎక్కడో, సన్నగా గురక.

ఆగింది.

మొగుడివైపు చూసింది. అతని కళ్ళు తెరిచే ఉన్నాయి.

పద్మిని పాట ఆపేసింది. వెనక్కి తిరిగింది. పిల్ల నోరు తెరుచుకుని ఉంది. పొట్ట ఎగిసిపడుతోంది... ఊపిరి లేదు.

"అరుణా!"

ఎగశ్వాస. పిల్ల కళ్ళు తెరిచింది.

"అమ్మా... పాటెందుకు ఆపీసినావు?"

పద్మిని వెనక్కి చెయ్యి చాచి పిల్ల గెడ్డం నిమిరింది. అప్పలరాజు బండి బరంపురం వైపు, డాక్టరమ్మ దగ్గరికి తిప్పాడు.

పిల్ల మళ్ళీ కళ్ళు మూసింది. కల్వర్టు రెండోసారి దాటారు. ఎవరూ పాట పెట్టలేదు, నోరు మెదపలేదు.

ఆవిడ వింటుందని కాదు. పిల్ల ఊపిరి వినబడాలి కదా.