అసలు ప్రతి

ఆ ప్రెస్సులో ఏ పుస్తకమైనా అచ్చుకు వెళ్ళేముందు ఇద్దరు మనుషులు ఒక బల్లకి అటూ ఇటూ కూర్చుంటారు. ఒకరి చేతిలో రచయిత ఇచ్చిన అసలు ప్రతి ఉంటుంది, రెండోవారి చేతిలో దాన్ని చూసి కూర్చిన ప్రూఫు. అసలు ప్రతి పట్టుకున్నవాళ్ళు పైకి చదువుతారు, ప్రూఫు పట్టుకున్నవాళ్ళు వింటూ తప్పులు దిద్దుతారు. పక్కగదిలో యంత్రాల రొదకి "ఆగండాగండి" అని అరిచినా వినపడదు కాబట్టి, దిద్దేవాళ్ళు పెన్సిల్‌తో బల్ల మీద కొడతారు. రెండు దెబ్బలంటే నా దగ్గర వేరేగా ఉంది, మళ్ళీ చదువు అని. మూడు దెబ్బలంటే సరిపోయింది, ఇక పద అని.

పదకొండేళ్ళు మైకు చదివింది, బాబాయి దిద్దాడు. బాబాయి ఎవరికీ చుట్టం కాదు, కానీ ప్రెస్సులో అందరికీ బాబాయే, ఆఖరికి యజమానికి కూడా. ఆమెకి మైకు అని పేరు పెట్టింది ఆయనే. గొంతు అంత ఖంగుమనేది మరి. పశువైద్యం పుస్తకమైనా, రైళ్ళ టైంటేబులైనా, కామా దగ్గర కామా అనీ చుక్క దగ్గర చుక్క అనీ పలుకుతూ ఎనిమిది గంటలు ఏకధాటిగా చదివేది.

ఒక ఆదివారం బాబాయి నిద్రలోనే పోయాడు. సోమవారం యజమాని ఆమెని ఆయన కుర్చీలో కూర్చోబెట్టి, చదవడానికి బైండింగు విభాగం నుంచి ఒక లావుపాటి పెద్దాయన్ని తెచ్చాడు. ఆయన గొణుగుతాడు, ఈమె పెన్సిల్ కొడుతుంది. పొద్దున్న తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఐదున్నర దాకా నోరు విప్పే పనే లేదు. మైకు తీగ తెగిందని కంపోజింగువాళ్ళు నవ్వుకున్నారు. ఆమె కూడా నవ్వింది. బస్సులో కూర్చున్నాక ఏడుపు వచ్చింది.

ఇంటికెళ్తే అక్కడా పలకరించే దిక్కు లేదు. మేడ మీద ఒక్క గది. కింద ఇంటావిడ ఉంటుంది, మంచి మనిషే కానీ మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కదు. ఏడేళ్ళ క్రితం అమ్మ పోయాక మైకు ఆ గదిలోకి మారింది. అప్పట్లో ఇంటావిడ ఎలాగో పైకొచ్చి మంచం మీద కూర్చుని, మీ అమ్మ ఎలా పోయిందమ్మా అని అడిగింది. ఆ రాత్రి అమ్మ పక్కగదిలోంచి పిలిచే ఉంటుంది పిన్నిగారూ, నాకు వినపడలేదు, అని చెప్పింది మైకు. అందరికీ అదే చెప్పింది.

ఆ గదిలో సాయంత్రాలు కవిత్వం పైకి చదవడం ఎలా మొదలైందంటే, గొంతు తుప్పు పడుతుందన్న భయంతో మొదలైంది. ప్రెస్సులో మిగిలిపోయిన ప్రూఫుల కట్టలోంచి ఏదో కవితల పుస్తకం తెచ్చుకుంది. లైటు వేసి, కుర్చీ గోడవైపు తిప్పుకుని, మొదటి పేజీ చదివింది. తన గొంతు తనకే వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది. రెండో పేజీకి భుజాల మీంచి ఏదో దిగిపోయినట్టయింది. మర్నాడు ఐదున్నర ఎప్పుడవుతుందా అని గడియారం చూసుకుంది.

పదో రోజో పన్నెండో రోజో, "వాన వెలిసిన వీధి" అని ఉన్నచోట "వాన కురిసిన వీధి" అని చదివేసింది.

టక్. టక్.

బట్టల బీరువా వెనక గోడలోంచి వచ్చింది. మైకు పుస్తకం దించింది. ఆ గోడకి అవతల ఇల్లు లేదు, గది లేదు, ఉన్నదల్లా ఖాళీ గాలి, కింద సందు. పేజీ చూసుకుంటే తప్పు కనిపించింది. "వాన వెలిసిన వీధి" అని మెల్లిగా చదివింది.

టక్. టక్. టక్.

మామూలు మనిషైతే కెవ్వుమని కిందకి పరిగెత్తును. ఈమె పదకొండేళ్ళు ఆ చప్పుడుతోనే బతికింది. "బాబాయ్" అని ఒక్క మాట పైకి అని, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులో దుఃఖం కంటే సంతోషమే ఎక్కువ ఉంది.

ఆ తర్వాత రెండు నెలలు ఉన్నంత సుఖంగా ఆమె ఎప్పుడూ లేదు. ఇంటికి రాగానే బీరువా ముందు కుర్చీ వేసుకునేది. కావాలని ఒకటి రెండు తప్పులు చదివేది. రెండు దెబ్బలు పడగానే, "దొరికిపోయాను బాబాయ్" అని నవ్వేది. పుస్తకాలు అయిపోయాక, ఎవరికీ చూపించని తన నోటుబుక్కు తీసింది. అందులో అన్నీ తను రాసుకున్నవే. చిన్నప్పుడు మెట్ల కింద దాక్కున్న రోజు, పెళ్ళి వద్దనుకున్న రోజు, అద్దంలో మొదటి తెల్లవెంట్రుక చూసుకున్న రోజు. మనిషికి మనిషి చెప్పుకోలేనివి పద్యంలా అయితే సులువుగా బయటికొస్తాయి. రోజుకి రెండు చొప్పున చదివింది.

ఇక్కడే ఒక చిన్న తేడా వచ్చింది. తను రాసుకున్నది రాసినట్టే చదివినా రెండు దెబ్బలు పడేవి. పేజీ చూసుకునేది. తప్పేమీ లేదు. మళ్ళీ అదే చదివితే మూడు దెబ్బలు పడేవి. బాబాయికి చెవులు మందగించాయి కాబోలు అనుకుని ఊరుకుంది. బీరువా వెనక నుంచి ఆరని సిరా వాసన కూడా వచ్చేది. అది తన బట్టలదే అనుకుంది.

ఒక బుధవారం ఉదయం పనికి బయల్దేరుతుంటే ఇంటావిడ గుమ్మంలో ఆపింది.

"నీ చదువు రోజూ వింటున్నానే అమ్మాయ్. మొదట్లో ప్రతి మాటకీ తడబడి మళ్ళీ మొదలెట్టేదానివి. నిన్న పగలు పదకొండింటికి ఎంత గడగడా చదివావు."

"నిన్న పదకొండింటికి నేను ప్రెస్సులో ఉన్నాను పిన్నిగారూ."

"అదేంటే, నీ గొంతు నాకు తెలీదూ" అంది ఇంటావిడ, నవ్వుతూ.

ఆ రోజంతా మైకు చెయ్యి పనిలో ఉంది కానీ మనసు లేదు. ఎదురుగా పెద్దాయన ఏదో విత్తనాల జాబితా గొణుగుతున్నాడు. ఆమె ప్రూఫులో ఒక అక్షరం దగ్గర ఆగి, రెండు దెబ్బలు కొట్టి, ఆయన మళ్ళీ చదివాక దిద్దింది. దిద్దిన చోటే పెన్సిల్ ఆగిపోయింది.

కొట్టేవాళ్ళ దగ్గర ఉండేది ప్రూఫు.

అసలు ప్రతి ఎప్పుడూ చదివేవాళ్ళ దగ్గరే ఉంటుంది. రెండు దెబ్బలు కొట్టేది నువ్వు తప్పు చదివావని కాదు, నా దగ్గర తప్పుంది, దిద్దుకోవాలి అని. అంటే నోటుబుక్కు తీసిన నాటి నుంచీ గోడలో ఉన్నది ఆమె తప్పులు పట్టలేదు. ఆమెని వింటూ తన తప్పులు దిద్దుకుంది. మెట్ల కింద దాక్కున్న రోజు, పెళ్ళి వద్దన్న రోజు, తెల్లవెంట్రుక... రోజుకి రెండు చొప్పున. ఆమెకి ఇంకొక్కటి కూడా గుర్తొచ్చింది. ప్రూఫు అచ్చం సరిపోయాక, పొరపాటున మళ్ళీ దాన్నే అచ్చుకు కూర్చకుండా ప్రెస్సులో అసలు ప్రతిని నిలువునా చింపి గోతంలో పడేస్తారు. ఆ పని చేసేది కూడా దిద్దేవాళ్ళే. పెద్దాయన ఏమైందని అడిగితే తల నొప్పిగా ఉందంది.

ఆ సాయంత్రం ఆమె చదవలేదు. నోటుబుక్కు పరుపు కింద పెట్టి, మంచం మీద మోకాళ్ళు కావలించుకుని కూర్చుంది. ఆరున్నర అయింది.

టక్. టక్.

ఊపిరి బిగబట్టింది.

టక్. టక్... టక్. టక్...

మళ్ళీ చదువు. మళ్ళీ చదువు. ఓ అరగంట అలా నడిచింది. దెబ్బలు బీరువా వెనక నుంచి తలుపు పక్కకి జరిగాయి, అక్కణ్ణించి మంచం తలవైపుకి వచ్చాయి. పెన్సిల్ చెక్క మీద పడే చప్పుడు కాదది. ఎముక గోడకి తగిలే చప్పుడు. నిజం చెప్పాలంటే, అంత భయంలోనూ ఆమెకి చదవాలనే అనిపించింది. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. లోకంలో తన గొంతు వినే ప్రాణి అదొక్కటే మరి.

ఇల్లు మారాలని అప్పుడే నిశ్చయించుకుంది. ఒక్క ధైర్యం మాత్రం మిగిలింది. తన గురించి గోడకి తెలియనిది ఒకటుంది. నోటుబుక్కులో రాయలేదు, ఎవరితోనూ అనలేదు. ఆ రాత్రి అమ్మ పిలిచినప్పుడు ఆమెకి వినపడింది. మూడుసార్లు వినపడింది. రోజంతా సేవ చేసి విసిగిపోయి, అటు తిరిగి పడుకుంది. పొద్దున లేచేసరికి అమ్మ లేదు. ఆ ఒక్క మాటా తన దగ్గరున్నంత కాలం గోడలో ఉన్న ప్రూఫు సరిపోదు, తను తనలాగే ఉంటుంది. అది పొరపాటున కూడా పైకి అనకూడదనుకుంది.

శనివారం ప్రెస్సు ఒంటిపూటే. ప్రెస్సులో పనిచేసే ఒకామె వాళ్ళింట్లో ఒక గది చూపిస్తానంది. సామాను సర్దుకుందామని రెండింటికల్లా వచ్చింది. ఎండ మెట్ల మీద తెల్లగా పడి ఉంది. సగం మెట్లెక్కేసరికి వినపడింది.

తన గొంతే. ఖంగున. పై గదిలోంచి.

తలుపుకి తను వేసిన తాళం వేసినట్టే ఉంది. మైకు చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా మిగతా మెట్లెక్కి తలుపు పక్కన నిలబడింది. లోపల చదువుతున్నది తను రాసిన పద్యం కాదు. తను రాయని పద్యం. కానీ రాస్తే అచ్చం అలాగే రాసేది.

"దీపం వెలుగు గుమ్మం దాకా వచ్చి ఆగింది. అమ్మ పిలిచింది. నాకు వినపడలేదు."

లోపలి గొంతు ఆగింది. ఏదో కుదరనట్టు గొంతు సవరించుకుంది. మళ్ళీ మొదలెట్టింది.

"అమ్మ పిలిచింది. నాకు వినపడలేదు..."

మళ్ళీ ఆగింది. మళ్ళీ అదే. అక్కడే తడబడుతోంది. వెళ్ళిపోవాలి, నోటుబుక్కూ వద్దు, బట్టలూ వద్దు, అనుకుంది మైకు. కానీ అక్కడే నిలబడి వింది. ఏడేళ్ళు అందరికీ చెప్పిన అబద్ధం తన గొంతుతోనే వినపడుతోంది.

"నాకు వినపడలేదు."

తప్పు. అక్కడ తప్పుంది...

రోజుకి ఎనిమిది గంటలు తప్పు వినగానే కదిలే చెయ్యి. ఆమె అడగలేదు, అది ఆగలేదు. వేలి కణుపు తలుపు మీద పడింది.

టక్. టక్.

తలుపు చెక్కకి అవతల, సరిగ్గా ఆమె చెవి ఎత్తులో, ఎవరో చెవి ఆనించిన అలికిడి. తర్వాత గొంతు చాలా మెల్లగా, ఊహించి చూస్తున్నట్టు అంది.

"విన్నాను."

మైకు కళ్ళు మూసుకుంది. ఆ మాట ఇంకెవరైనా అనగా వినాలని ఇన్నేళ్ళూ ఎంత ఎదురుచూసిందో అప్పుడు తెలిసింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి మాత్రం తన పని తను చేసుకుపోయింది.

టక్. టక్. టక్.

కొట్టాక గానీ గుర్తు రాలేదు, ఈసారి కొట్టింది తను, చదివింది అది అని.

వెనక మెట్ల మీద అడుగులు. ఇంటావిడ గోడ పట్టుకుని ఎక్కివస్తోంది, మోకాళ్ళ నొప్పులున్నా. చేతిలో టీ గ్లాసు. మైకుని చూసి రెండు మెట్లు కిందే ఆగిపోయింది. ఏడేళ్ళుగా నువ్వు అనే తప్ప మీరు అనని మనిషి, మొహమాటంగా నవ్వింది.

"ఎవరు కావాలండీ మీకు?"

నేనే పిన్నిగారూ, అంది మైకు. అనే అనుకుంది. పెదాలు కదిలాయి.

"ఏమంటున్నారు? వినపడటం లేదండీ." ఇంటావిడ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఒక క్షణం చూసి, పక్కనుంచి దాటుకుని తలుపు దగ్గరికి వెళ్ళింది. "అమ్మాయ్, టీ తెచ్చానే. నీకోసం ఎవరో వచ్చినట్టున్నారు, చూడు."

"వస్తున్నా పిన్నిగారూ" అంది లోపలి గొంతు, చక్కగా, ఖంగున.

లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు మెల్లిగా లోపలికి తెరుచుకుంది. బయటి తాళం మాత్రం ఊడకుండా, వేసింది వేసినట్టే, తలుపుతో పాటు లోపలికి వెళ్ళిపోయింది.