హజరాబీ ఓటు

ఆ రోజు కూడా ఫకీర్ సాహెబ్ ఇంట్లో పొయ్యి తెల్లవారకముందే రాజుకుంది. గులాబ్‌బీ జొన్నరొట్టెలు తడుతూ మాటిమాటికీ వాకిలివైపు చూస్తోంది. పెనం మీద రొట్టె మాడి పొగ లేచింది. ఆమె చేతిలో రొట్టె మాడడం జైబున్నీసా ఎప్పుడూ చూడలేదు.

"ఏంది ఫుప్పూ, ధ్యాస యాడ పెట్టినావు?"

"మాడింది నేను తింటాలే. నువ్వు కదులు. ఎలచ్చన్లోళ్లు నీ కోసం కాచుకొని ఉంటారా?"

గులాబ్‌బీ ఫకీర్ సాహెబ్‌కు అక్క, జైబున్నీసాకు మేనత్త. చిన్న వయసులోనే భర్త పోతే తమ్ముడి ఇంటికి వచ్చేసింది. జైబున్నీసా తల్లి హజరాబీ ఉబ్బసంతో ఎప్పుడూ మంచం మీదే ఉండేది. పిల్లకు నీళ్లు పోసిందీ, ముద్దలు పెట్టిందీ, రాత్రుళ్లు జోకొట్టిందీ గులాబ్‌బీనే. మూడేళ్ల కిందట హజరాబీ కన్నుమూసింది. ఇంటి పనిలో మాత్రం ఏ మార్పూ రాలేదు. ఎందుకంటే అదంతా ముందునుంచీ గులాబ్‌బీ చేతుల మీదే జరుగుతోంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ప్రొద్దుటూరులో జరుగుతున్న మొదటి శాసనసభ ఎన్నిక అది. నెలరోజులుగా ఊరికి కుదురు లేదు. జమ్మలమడుగు నుంచి ఒక జీపు వచ్చి ఒక మాట చెప్పిపోతే, పులివెందుల నుంచి వచ్చిన బస్సు ఇంకో మాట మోసుకొచ్చేది. ఫకీర్ సాహెబ్ కుట్టుమిషన్ పెట్టుకున్నది ఆదినారాయణ శెట్టి గుడ్డల అంగడి అరుగు మీద. శెట్టి దీపం గుర్తు మనిషికి పనిచేస్తున్నాడు. గోషా ఆడవాళ్లకు వేరుగా పోలింగు పెట్టారు. వాళ్లు ముసుగెత్తి చూపిస్తే ఫలానా అని గుర్తుపట్టడానికి ప్రతి పక్షం తరఫునా ఒక ఆడమనిషి కూర్చోవాలి. తండ్రి కోసం ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్ల కొలతలు తీసుకొచ్చే జైబున్నీసాకు తెలియని ముఖం ఆ వీధుల్లో లేదు. అందుకే శెట్టి ఆమెను అడిగించాడు.

ఫకీర్ సాహెబ్ చేయి కడుక్కుని కూతురి దగ్గరికి వచ్చాడు. టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆడ కూర్చొని గమ్మునుండాల. ఎవురొచ్చినా అవునని తల ఊపు, అంతే."

"ఎవురొచ్చినానా అబ్బా?" అని తండ్రిని అడిగింది జైబున్నీసా.

"శెట్టి చెప్పమన్న మాట చెప్తాండా. ఎక్కువ అడగొద్దు."

గులాబ్‌బీ పొయ్యి ముందు నుంచి లేవలేదు. తల కూడా తిప్పలేదు.

ఆడపిల్లల బడిలో పోలింగు. ఇందిరమ్మ టీచరు పేర్లు చదువుతోంది. ఎదుటి పక్షం తరఫున ప్లీడరుగారి భార్య వనజమ్మ తాంబూలం నములుతూ కూర్చుంది. పేరు పిలిచాక మనిషి ముసుగెత్తాలి. కూర్చున్నవాళ్లు సరేనంటే వేలికి సిరా పూసి కాగితం ఇస్తారు. ఆ కాగితం తీసుకుని తెర వెనక్కి వెళ్లి, తమకు నచ్చిన గుర్తున్న పెట్టెలో వేసి రావాలి.

ముసలి మాబున్ని తెర వెనక్కి వెళ్లి ఎంతసేపటికీ రాలేదు. చివరికి కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చింది.

"ఏం తల్లీ, దీపం బొమ్మ పెట్టినారు గానీ చుక్క నూనె పొయ్యకపోతిరే! తడుముకొనే దానికే సరిపోయ!"

అందరూ నవ్వారు. ఇందిరమ్మ నవ్వు ఆపుకుని, "అవ్వా, లోపల చూసింది ఈడ చెప్పకూడదు" అంది.

"నాకు కండ్లు కనపడితే కదమ్మా చెప్పేదానికి!"

జైబున్నీసా కూడా నవ్వింది. పొద్దుటి దిగులు కాస్త తగ్గినట్టనిపించింది. ఆ నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే ఇందిరమ్మ తరువాతి పేరు చదివింది.

"హజరాబీ. భర్త ఫకీర్ సాహెబ్."

అమ్మ పేరు ఇంకా జాబితాలో ఉందన్న సంగతే జైబున్నీసాకు అంతవరకూ తోచలేదు. వరసలోంచి నల్ల బురఖా ఒకటి ముందుకు కదిలింది. ముసుగు నెమ్మదిగా పైకి లేచింది.

ముసుగు కింద ఉన్నది గులాబ్‌బీ.

మేనత్త ఆమె కళ్లలోకి చూడలేదు. చూపంతా ఆ తెర మీదే ఉంది.

వనజమ్మ నమలడం ఆపింది. "ఫకీర్ సాహెబ్ అంటే శెట్టి అరుగు మీద మిషన్ కుట్టే ఆయనే కదా? మీ నాయనే కదమ్మాయ్? అట్లయితే ఈమె మీ అమ్మా?"

తల ఊపితే చాలు. పొద్దున తండ్రి చెప్పింది ఇదే. మూడేళ్లుగా ఎవరూ పిలవని పేరు అది. ఆ పేరుకు ఇంకొకరు పలకడం జైబున్నీసా తట్టుకోలేకపోయింది.

"కాదు" అంది. "ఈమె మా అమ్మ కాదు. మా అమ్మ చచ్చిపోయింది."

గులాబ్‌బీ అప్పుడు చూసింది ఆమెవైపు. ఒక్కసారే. తరువాత ముసుగు దించుకుంది.

"రాసుకోండి టీచరమ్మా, కేసు పెట్టండి!" అని లేచిన వనజమ్మ, జైబున్నీసా ముఖం చూసి మళ్లీ కూర్చుండిపోయింది. ఇందిరమ్మ మెల్లగా, "పోలీసును పిలవకముందే ఇంటికి పోమ్మా" అంది. బురఖా గోడ పట్టుకుని బయటికి నడిచింది. సాయంత్రం దాకా జైబున్నీసా ఆ కుర్చీలోనే కూర్చుంది. పేర్లు వినిపిస్తూనే ఉన్నాయి. ముఖాలేవీ కళ్లకు ఆనలేదు.

ఆమె ఇల్లు చేరేసరికి వాకిట్లో ఒంటెద్దు బండి ఉంది. ఫకీర్ సాహెబ్ ఒక్కడే కుట్టుమిషన్ దించుకుంటున్నాడు. కూతురు సాయం పట్టబోతే చేయి విదిలించాడు.

"ముట్టుకోవాకు! చేసింది చాలు. అరుగు ఖాళీ చేయమన్నాడు శెట్టి. నా బిడ్డే నా ముక్కు కోసిందని ఊరంతా నవ్వుతాండారు."

"అమ్మ పేరు అమ్ముకుంటివే అబ్బా!"

"ఏందే నువ్వనేది? పోయిన మనిషి ఓటు ఉంటే ఎంత, ల్యాకపోతే ఎంత? శెట్టి నోరు తెరిచి అడిగినాడు. ఆయన అరుగు మీదనే కదా ఇన్నేండ్లు బతికితిమి!"

"నాకు ముందే ఒక మాట చెప్పకూడదా?"

"చెప్తే ఒప్పుకుంటావా? మీ అమ్మ మొండితనమంతా నీకే వచ్చె!"

అతను మిషన్‌ను వసారాలో పెట్టి, దాని ముందు కూర్చుని, గుడ్డ కూడా పెట్టకుండా ఊరికే తొక్కడం మొదలుపెట్టాడు.

లోపల గులాబ్‌బీ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. బురఖా కూడా తీయలేదు. పొద్దుటి రొట్టెలు గంపలో అట్లాగే ఉన్నాయి.

"ఫుప్పూ, లేయి. ఏమీ తిన్లేదే నువ్వు."

గులాబ్‌బీ ముసుగు ఇంకా కిందికి లాక్కుంది.

"నా మీద కోపమైతే నాలుగు ఏటులెయ్యి. ఇట్ల పడుకోవాకు."

"నేనెవురే నీ మీద కోపం చేసుకునేదానికి?" అంది గులాబ్‌బీ గోడతోనే. "అంతమంది ముందర చెప్తివి గదా, అమ్మ కాదని. దొంగ ఓటని చెప్పింటే సిగ్గుపడి వచ్చేసుందును. ఆ మాట ఎట్ల వచ్చెనే నీకు నోట్లోంచి?"

జైబున్నీసా ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. పగలంతా తనకు జరిగిన అన్యాయమే కళ్ల ముందు తిరిగింది. తన నోటి మాట ఎక్కడ తగిలిందో అప్పుడు తెలిసింది.

"ఆమె పేరు పిలిస్తే తట్టుకోలేకపోతిని ఫుప్పూ. నువ్వు కాదని కాదు. అయినా నువ్వెందుకు వచ్చినావు? అబ్బ చెప్తే మాత్రం?"

గులాబ్‌బీ లేచి కూర్చుంది. "మీ అబ్బ చెప్పిందానికి కాదు. నాకే పోవాలనిపించింది. ఆంధ్ర రాష్ట్రం రాకముందు, మొట్టమొదటి ఎలచ్చన్లప్పుడు మీ అమ్మను పట్టుకొని నడిపించుకొని పోయింది నేనే కదా. తలుపు కాడ నన్ను నిలబెట్టేసిరి. నాకు ఓటు ల్యాదంట. పేర్లు రాసుకునేటోడు వచ్చినప్పుడు మీ అమ్మ పరదా వెనకాల నుంచి తన పేరు తానే చెప్పుకునె. నన్నేమో, మా అక్క అని రాసుకో అనె మీ అబ్బ. ఆడమనిషి పేరు పరాయోడికి చెప్పేదేందని. పేరు ల్యాని ఓట్లన్నీ కొట్టేసినారంట." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మీ అమ్మ బయటికొచ్చి సిరా వేలు చూపించి నవ్వింది. అట్లా నవ్వేది నేనెప్పుడూ చూడలా. ఒక్కసారి నేనూ ఆ తెర వెనక్కి పోదామనుకుంటి. నా పేరుతో పోనీరు. దాని పేరుతోనన్నా పోదామని."

జైబున్నీసా ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. కాసేపటికి గులాబ్‌బీ చేయి ఆమె జుట్టులోకి వచ్చింది.

"ఆ తెర వెనకాల ఏముంటాదే, ఇంతకీ?"

"నేనూ చూడలా ఫుప్పూ. నాకు ఇంకా ఓటు వయసే రాలా!"

"అయ్యో నీ పాసుగూల! పొద్దంతా ఆడ కూర్చొని అదీ చూడలేదా?" అని ముద్దుగా తిట్టింది గులాబ్‌బీ.

ఇద్దరికీ ఏడుపులోనే నవ్వొచ్చింది. వసారాలోంచి ఫకీర్ సాహెబ్ గొంతు సవరించుకోవడం వినిపించింది. అతను గడప దాకా వచ్చి లోపలికి రాలేక మళ్లీ మిషన్ దగ్గరికే వెళ్లి కూర్చున్నాడు.

"ఆపా" అని అక్కను పిలిచాడు అక్కణ్నుంచే. "రేపు తాలూకా ఆఫీసుకు పోతాండా. కొత్తగా పేరు ఎక్కించాలంటే ఏం చెయ్యాల్నో అడుగుతా. ఈ ఎలచ్చన్లకు కాకపోయినా, పై వాటికన్నా పనికొస్తాది." గొంతు తగ్గించాడు. "పుట్టినప్పటి నుంచి ఆపా అనే పిలిచినా. నీ పేరు సరిగ్గా ఏమని రాయించాల?"

గులాబ్‌బీ వసారావైపు తిరిగింది. తన పేరు తాను చెప్పుకోవలసిన అవసరం ఆమెకు ఇన్నేళ్లలో రాలేదు. జైబున్నీసా ఆమె చేయి పట్టుకుంది.

"గులాబ్‌బీ" అంది మేనత్త మెల్లగా.

"మిషన్ చప్పుడుకు వినపడలా ఆపా. గట్టిగా చెప్పు."

మిషన్ అప్పటికే ఆగిపోయి చాలాసేపయింది.