గోరురంగు పూసిన నట్టు

"మెకానిక్ లేడా?"

"లేడు."

"ఎప్పుడొస్తడు?"

"రాడు."

"మరి షెడ్డు ఎందుకు తెరిచిపెట్టిన్రు?"

"మెకానిక్ ఉన్నది గన్క."

జగదీష్ అటూ ఇటూ చూశాడు. జూలూరుపాడు సెంటరు దాటాక, కొత్తగూడెం రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ఇందాకటి నుంచి బదులిస్తున్న పెద్దమనిషి బెంచీ మీద నవ్వు ఆపుకోలేక బీడీ కొరుకుతున్నాడు. ఎదురుగా ఒక జీపు. జీపు కింద నుంచి రెండు పాదాలు. పాదాలకు వెండి పట్టీలు, జీపుకు కమాన్ పట్టీలు. ఏ పట్టీలు మోగాయో తెలీదు గానీ, మనవాడి గుండెలో ఒక బోల్టు టింగుమని ఊడి పడింది.

గోనెసంచి మీద జారుతూ ఒకమ్మాయి బయటికొచ్చింది. బుగ్గ మీద గ్రీజు. కొందరికి పౌడరు అందం. ఈమెకు గ్రీజే అందం, చూసేవాడికి క్రేజు.

"నేనే మెకానిక్. సంగీత. గాయిన మా బాపు, హీరాలాల్. ఏం బండి సారూ?"

"అంబాసిడర్."

"ఏడుంది?"

"గదే, వస్తున్నది."

రోడ్డు మీద రెండెడ్లు దాన్ని లాక్కొస్తున్నాయి. రెండువేల ఆరో సంవత్సరంలో, సెల్‌ఫోన్లు జేబుల్లోకి దిగిన రోజుల్లో, అంబాసిడర్‌ని ‘అంబా’ అనేవి లాగడం చూడాలంటే మా ఖమ్మం జిల్లాకే రావాలి. ఒక టేకు కాంట్రాక్టరు ఇంటి వెనక ఆరేళ్లు పడున్న కారది. వెనక సీట్లో కోళ్లు మూడు తరాలు పొదిగాయి. గవర్నమెంటు టీచరుగా కొత్తగా చేరిన జగదీష్‌కు ఒకటే కోరిక. వాళ్లమ్మ జమ్లిని సొంత కార్లో భద్రాచలం తీసుకుపోవాలి.

సంగీత కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు తిప్పింది. పావు చుట్టు తిరిగినా ముందు చక్రాలకు కబురందలేదు. బానెట్ మీద చెయ్యేసి నొక్కింది. కారు ముక్కు కిందికి పోయి, పైకి రావడం మరిచిపోయింది.

"స్టీరింగ్ పోయింది. సస్పెన్షన్ గూడ."

సస్పెన్షన్! ఆ మాటకు సర్కారు మాస్టారి మొహం పాలిపోయింది. "నేనేం చేసిన్నండీ? దినాం బడికి పోతున్న గద!"

హీరాలాల్ నోట్లోంచి బీడీ రాలిపడింది. సంగీత మాత్రం నవ్వలేదు. నవ్వు దాచుకోవడానికి మళ్లీ జీపు కింద దూరింది.

* * *

మూడు ఆదివారాలు పట్టింది. మూడు ఆదివారాలూ జగదీష్ అక్కడే ఉన్నాడు. సాయం చేస్తానన్నాడు. చేసిందల్లా అడ్డం రావడం.

వెనక బరువు మోసే కమాన్ పట్టీ విరిగితే విప్పింది. ఎండి బిస్కెట్లయిన రబ్బరు బుష్షులు తీసి కొత్తవి కొట్టింది. అదంతా చూసి మనవాడు అబ్బో అనుకున్నాడు. మూడో ఆదివారం మాత్రం అబ్బో అనడానికి కూడా నోరు రాలేదు.

"సారూ, మీరు కూసోని స్టీరింగ్ చిన్నగ ఊపుతుండున్రి" అని కారు కింద పడుకుంది. స్టీరింగును చక్రాలతో కలిపే టై రాడ్ కీలు మీద నాలుగు వేళ్లు ఆనించి కళ్లు మూసుకుంది. వైద్యుడు నాడి చూసినట్టు. "ఇగో, ఈడ."

ఆమె చెప్తే హీరాలాల్ వచ్చి ఊపాడు. జగదీష్ కింద దూరి వేలు పెట్టాడు. "ఏం తెలుస్తలేదే."

సంగీత అతని వేలు పట్టుకుని గోరువెడల్పు పక్కకు జరిపింది. "ఇప్పుడు?"

తెలిసింది. లోపల ఎక్కడో నువ్వుగింజంత కదలిక. ఇనుము ఊపిరి తీసుకున్నట్టు. అంత పెద్ద బండిలో, అంత చిన్న జబ్బు! దాన్ని కళ్లు మూసుకుని పట్టిన ఈ పిల్ల మనిషా, మంత్రమా? కొత్త కీళ్లు పడేదాకా అతను పానాలు అందిస్తూనే ఉన్నాడు.

తర్వాత దారం. చక్రాల వరస చూసే మిషన్ ఖమ్మంలో ఉంది. జూలూరుపాడులో దారపుండ ఉంది. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా రెండు పక్కలా తెల్లదారం లాగి కట్టి, మోకాళ్ల మీద వంగి ఒక కన్ను మూసింది.

"రెండు మిల్లీమీటర్లు లోపటికి రావాలె."

చినుకులు మొదలయ్యాయి. దారం మీద నీటిబొట్లు ముత్యాల్లా వరస కట్టాయి. ఆమె మూసిన కన్ను తెరిచి దారం మీదుగా అవతలికి చూసింది. అవతల ఇతను. చక్రాల వరస కుదిరిందో లేదో గానీ చూపుల వరస మాత్రం మిల్లీమీటరు తేడా లేదు.

ఆఖర్న జేబులోంచి గోరురంగు సీసా తీసి, టై రాడ్ నట్టు మీద నుంచి రాడ్డు మీదికి ఎర్రగా ఒక గీత గీసింది.

"ఇదేంది, కారుకు గిట్ల సింగారమా?"

"గీత తెగితే నట్టు కదిలినట్టు సారూ. నా బిగింపుకు గదే సాక్షి."

బెంచీ మీద నుంచి హీరాలాల్ అన్నాడు. "నా కుడిచెయ్యి పడిపోయినంక బండ్లన్నీ పోయినయ్ సారూ. ఆడపిల్ల బిగించిన స్టీరింగ్ పట్టుకొని అడవి మలుపులల్ల ఎవడు తిప్పుతడన్నరు. ఆమె బిగింపు మీద జనం నమ్మకం బిగుసుకునేటానికి రెండేండ్లు పట్టింది. ఒక్క బండి పక్కకు గుంజినా, మళ్ల మొదటికే."

* * *

కారు బాగైపోయింది. అదే పెద్ద చిక్కు. ఇక ఆ షెడ్డుకు పోవడానికి సాకేది?

ఒక వారం గాలి చూపించాడు. ఇంకో వారం హారన్ చూపించాడు.

"హారన్ మంచిగనే మోగుతున్నది సారూ. మీరే మోగుతలేరు" అంది సంగీత.

అంత సూటిగా దారి చూపిస్తే ఇంకొకడైతే అక్కడికక్కడే నోరు విప్పేవాడు. మనవాడు నోరు విప్పలేదు. నట్టు విప్పాడు.

భద్రాచలం ప్రయాణానికి ముందురోజు సాయంత్రం పానా పట్టుకుని కారు కింద చెయ్యి పెట్టాడు. టకటకమని చిన్న చప్పుడొస్తే చాలు, దారిలోనే షెడ్డు, ఆగొచ్చు. చేతికందిన నట్టు రెండు చుట్లు తిప్పాడు. మసక వెలుగులో అది ఏ నట్టో చూడలేదు.

తెల్లారి జమ్లి ముందు కూర్చుంది. వాళ్ల లంబాడీ తండా పెద్ద సోమ్లా తలపాగా సర్దుకుని వెనక కూర్చున్నాడు. ఏన్కూరు వైపు నుంచి వస్తూ వస్తూ, చప్పుడు రాలేదు గానీ, షెడ్డు కనిపించేంత దూరంలో కారు ఎడమకు గుంజింది. ఇతను కుడికి తిప్పాడు. కారు వినలేదు. బోల్టు వదులైతే బోల్తాయే అంటారు. అదృష్టం, బోల్తా పడలేదు, పత్తిచేన్లో దిగబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సోమ్లా తలపాగా మాత్రం పత్తిచెట్టుకు పోయింది.

"ఆడపిల్ల బిగించిన బండి! నేను చెప్పలే?" అని పెద్దాయన రోడ్డు మీదికొచ్చి కేకేశాడు.

ఆ కేక కారుకన్నా ముందే షెడ్డుకు చేరింది. నలుగురు పట్టి కారును నెట్టుకొచ్చేసరికి, రిపేరుకొచ్చిన రెండు జీపులను డ్రైవర్లు తీసుకుపోతున్నారు. "మంచిగయినంక జూస్తం హీరాలాలన్నా" అన్నారు, మొహం చూడకుండా.

సంగీత కారు కింద దూరింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక అందరి ముందూ నిలబడింది.

"గీత తెగింది. నట్టు దానంతట అది రెండు చుట్లు తిరగదు. ఎవరో పానా పెట్టిన్రు."

"చేతగానోళ్లకు సాకులు శాన!" అన్నాడు సోమ్లా. జనం అవునన్నట్టు తలలూపారు.

జగదీష్ చుట్టూ చూశాడు. ఎదురుగా తండా పెద్ద. తనేమో పిల్లలకు నీతులు చెప్పే సారు. నోరు మూసుకుంటే తన పరువు మిగుల్తుంది. ఆమెది మిగలదు.

"నేనే ఇప్పిన!"

ఆ గొంతు అంత పెద్దదని అతనికే తెలీదు.

"ఎందుకు?" అంది సంగీత.

"చప్పుడు వస్తదని."

"వస్తే?"

"ఈడ ఆగొచ్చని. నిన్ను చూడొచ్చని."

ముందు జమ్లి చెయ్యి లేచింది. సారు వీపు మోగింది. "నీ యాడి పానం, కన్నతల్లి పానం మీద ఆటలా బేటా!"

సంగీత ‘సారూ’ అనడం ఆ క్షణానే మానేసింది. "అది చప్పుడు నట్టు గాదు, పానం నట్టు! మీ అమ్మకేమన్న అయితే? నా రెండేండ్ల కష్టం గంగల కలిసేది. నోరున్నది గద నీకు? మనసుల మాట నోటితోని చెప్తరు గని, పానాతోని చెప్తరా?"

జగదీష్ తలెత్తాడు. "నోటితోనే చెప్త. నువ్వు వేలు పెడితే ఇనుము నీతోని మాట్లాడుతది. గది చూసిన కాంచి నీ ముందట నోరు వస్తలేదు. భయం గాదు. గుడిల మాట రాదు చూడు, గట్ల. నువ్వంటే నాకు పానం. తప్పు నాది. ఏమంటే అది చేస్త."

"ముందుగాల నా జీపులు నాకు తెచ్చియ్యి."

వాన జోరందుకుంది. అతను వానలోనే ఉరికాడు. అరగంటకు జూలూరుపాడు సెంటరంతా ఒక వింత చూసింది. తడిసి ముద్దయిన సర్కారు సారు ముందు నడుస్తూ, హోటలు ముందూ జీపుల అడ్డా దగ్గరా ఆగి, "నట్టు నేనే ఇప్పిన, ఆమె బిగింపు బంగారం" అని పాఠం చెప్పినట్టు చెప్తున్నాడు. వెనకే రెండు జీపులు, పెళ్లి ఊరేగింపులా.

సోమ్లా తలపాగా తీసి పిండుకుంటూ అన్నాడు. "బిడ్డా, నా మాట నేను వాపస్ తీసుకుంటున్న. ఆ నట్టు నువ్వే బిగించు. భద్రాచలం ఈ బండిలనే పోతం."

సంగీత పానా తీసుకుని అంబాసిడర్ కింద దూరింది.

హీరాలాల్ జమ్లి వైపు తిరిగాడు. చాలాసేపు బీడీ తిప్పాడు. "పిలగాడు మొండోడే గని, నలుగుట్ల తప్పు ఒప్పుకున్నడు. కాకపోతే అక్కా, మన తండాలల్ల ముందు చూసేది ఇంటిపేరు. ఒకటే గోత్రమైతే అన్నాచెల్లెండ్లు అయితరు. మేం భూక్యోళ్లం. మీరు..."

జగదీష్ అమ్మ మొహంలోకి చూశాడు. ప్రేమలో పడ్డవాడు ఇంటిపేరు అడగడం మరిచాడు మరి. జమ్లి నోరు తెరిచింది. ఆమె చెప్పేలోపే కారు కింద నుంచి గొంతు వచ్చింది.

"అజ్మీరోళ్లు బాపూ! మనకు కలుస్తది!"



జమ్లి వంగి చూసింది. "నీకెట్ల తెల్సే?"

"మీ తండా జీపాయనను అడిగిన."

"ఎప్పుడు?"

కింద పానా ఒక్క క్షణం ఆగింది. వెండి పట్టీల పాదాలు ఒకదాని మీద ఒకటి చేరాయి.

"ఈయన నట్టు ఇప్పకముందే."