నాలుగో క్యాబిన్‌లో నలభై ఒక్క మార్కులు

2011 మే 15. ఆదివారం. ఉదయం 7:40.

కువైట్‌లోని ఫహాహీల్‌లో అన్వర్ బాషా నడిపే నెట్ సెంటర్. నాలుగో క్యాబిన్.

నర్సు ఫ్లోరెన్స్ రెండు పెన్నులూ, తెల్ల కాగితాలూ బల్ల మీద సర్దుకుంది. కాలేజీ సైట్‌లో లాగిన్ అయింది. ఫైనల్ ఎగ్జామ్ మీద క్లిక్ చేసింది.

ప్రశ్నలు రాలేదు. ఒక్క వాక్యం వచ్చింది.

‘మీ పరీక్ష ముగిసింది. మార్కులు: నూటికి 41.’

ఆమె ఇంకా ఒక్క లెక్కా చెయ్యలేదు. పెన్ను మూత కూడా తియ్యలేదు.

ఆమె పరీక్షని ఎవరో దొంగిలించారు.

ఈ కేసు అబ్బులు దగ్గరికి వచ్చింది అదే రోజు సాయంత్రం 5:15కి. అబ్బులు ఒకప్పుడు కాకినాడలో హెడ్ కానిస్టేబుల్. ఇప్పుడు సాల్మియాలో ఒక మాల్‌కి సెక్యూరిటీ సూపర్‌వైజర్. పోయిన పాస్‌పోర్టు దగ్గర్నుంచి పారిపోయిన డ్రైవర్ దాకా, తెలుగువాళ్లకి ఏ తంటా వచ్చినా అతని గది తలుపే తడతారు.

కానీ పరీక్ష పోవడమేమిటి? అతనికి ఒక పట్టాన బుర్రకెక్కలేదు. పైగా అది లెక్కల పరీక్ష. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పిన మనిషి అబ్బులు. ఆ మాట వింటేనే అతనికి ఇప్పటికీ చిరాకు.

"మొదట్నుంచీ చెప్పమ్మా."

"అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీ అన్నయ్యా. ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా. పాఠాలూ, పరీక్షలూ అన్నీ ఆన్‌లైన్‌లోనే. డ్యూటీ చేసుకుంటా పదహారు వారాలు చదివాను. డెబ్బై వస్తే పాసు. పాసైతేనే వాళ్ల నర్సింగ్ డిగ్రీలో సీటు."

"ఇప్పుడు డిగ్రీ దేనికి?"

"మా క్లినిక్‌లో డిప్లొమా నర్సులకి వచ్చే ఏడు ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్టు, రెన్యూవల్ చెయ్యరంట. డిగ్రీలో చేరినట్టు కాగితం చూపిస్తేనే ఉంచుతారంట. లేదంటే ఖలాస్, ఇంటికే."

"కాలేజీకి చెప్పావా?"

"చెప్పి ఇంకా చెడగొట్టుకున్నాను." ఆమె కోపంగా అంది. "నేను రాయలేదు మహాప్రభో అని మెయిల్ పెట్టాను. నువ్వెప్పుడూ కూర్చునే కంప్యూటర్ నుంచే, నీ పాస్‌వర్డ్‌తోనే రాశారు, అంటే నీ బదులు ఇంకొకరి చేత రాయించావు అని జవాబిచ్చారు. మంగళవారం పొద్దున్న ఎనిమిదిన్నర లోపు రుజువు చూపించాలంట. లేకపోతే ఫెయిల్ చేసి, మోసం చేసిందని రికార్డులో ఎక్కిస్తారంట."

అబ్బులు కాగితం తీసుకున్నాడు. టైములు రాసుకున్నాడు.

పరీక్ష మొదలైంది శనివారం సాయంత్రం 6:12. ముగిసింది 6:46.

"రెండు గంటల పరీక్ష ముప్పై నాలుగు నిమిషాల్లో?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు."

"ఆ టైములో నువ్వెక్కడ?"

"క్లినిక్‌లో. నిన్న రెండింటి నుంచి పది దాకా డ్యూటీ. ఫోను ఆఫ్ చేసి లాకర్‌లో పెట్టాలి."

"పరీక్ష శనివారమే ఎందుకు రాయలేదు?"

"గడువు శనివారం రాత్రి 11:59. కానీ అది అమెరికా టైము. మనకి ఆదివారం పొద్దున్న 9:59. నిద్రపోయి లేచి, తాజాగా రాద్దామనుకున్నాను."

"పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

ఫ్లోరెన్స్ తల దించుకుంది. నాలుగో క్యాబిన్‌లో మొదటి అక్షరం కొడితే మిగతాదంతా అదే వచ్చేస్తుంది. గుర్తుపెట్టుకోమని ఆమే నొక్కింది.

"ఇంటి తాళంచెవి గుమ్మానికే తగిలించావన్నమాట. ఆ సంగతి తెలిసినవాళ్లెవరు?"

"ముగ్గురే. షాపాయన అన్వర్ బాషా. మా వార్డులో కేథరిన్. మా లెక్కల మాస్టారు."

రాత్రి 7:00. నెట్ సెంటర్.

అన్వర్ బాషాది కడప. అడిగినదానికి అడిగినట్టే జవాబిచ్చాడు.

"శనివారం 6:12కి నాలుగో క్యాబిన్‌లో ఎవరున్నారు?"

"నాకేం తెలుసు సార్? ఆరుకల్లా బయటికి పోయినా. నమాజు చేసుకొని, టీ తాగి వచ్చేపాటికి ఏడైంది."

"షాపు మూశావా?"

"లోపల జనం ఉండారు గదా! షట్టర్ సగం దించి పోయినా. రోజూ అదే పద్ధతి."

"ఎంతవరకు చదివావు?"

"ఏడో తరగతి సార్. అది గూడా సగమే."

అబ్బులు రిజిస్టర్‌లో శనివారం సాయంత్రం పేజీ తీశాడు. ఆరో క్యాబిన్‌కి ఎదురుగా కేథరిన్ పేరు. రెండో క్యాబిన్‌కి ఎదురుగా మాస్టారి పేరు. నాలుగో క్యాబిన్ గడి ఖాళీ.

కేథరిన్ కూడా నర్సే. పోయిన ఏడాది ఇదే కోర్సు చదివి 91 తెచ్చుకుంది. వార్డులో ఉన్న ఒక్క ఇన్‌ఛార్జ్ పోస్టుకీ ఆమే, ఫ్లోరెన్సే పోటీ. ఇద్దరికీ రెండు నెలలుగా మాటల్లేవు.

"శనివారం ఆరింటికి ఏం చేస్తున్నావు?"

"మా అమ్మతో మాట్లాడుతున్నానండీ."

"ఆ పరీక్ష ముప్పై నాలుగు నిమిషాల్లో రాయగలవా?"

"రాయగలను. నేను రాస్తే తొంభై వస్తాయి. నలభై ఒకటి రాదు."

"కావాలని తప్పులు రాస్తే?"

కేథరిన్ ముఖం ఎర్రబడింది. "ఉద్యోగం మానేసినా మీ పోలీసు బుద్ధి మానలేదండీ" అని విసురుగా లేచి వెళ్లిపోయింది.

మూడో మనిషి వెంకటసత్యనారాయణ మాస్టారు. కోనసీమలో జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పారు. ఇప్పుడు షువైఖ్‌లో ఒక గోడౌన్‌లో టైమ్‌కీపర్. శుక్రవారం చర్చి అవగానే ఫ్లోరెన్స్ ఇక్కడికి వచ్చేది. ఆయన నోటుబుక్కులో లెక్క చేసి చూపించేవారు. ఆమె ఇంటికెళ్లి సాధన చేసి, క్విజ్‌లు ఒంటరిగా రాసుకునేది. పైసా తీసుకునేవారు కాదు.

"నాలుగో క్యాబిన్ వైపు ఎవరైనా వెళ్లారా మాస్టారూ?"

"నేను చూడలేదండి. మనవరాలితో మాట్లాడుకుంటన్నానండి, ఆయ్."

"మీ శిష్యురాలికి నలభై ఒకటి అని విన్నాక ఏమనిపించింది?"

"సిగ్గేసిందండి" అన్నారు మాస్టారు. తల ఎత్తలేదు.

పాపం, గురువుకి ఆ మాత్రం బాధ ఉంటుందనుకున్నాడు అబ్బులు.

అతని లెక్క తేలిపోయింది. వేగంగా రాసే తెలివి, చెడగొట్టే కారణం రెండూ ఉన్నది కేథరిన్‌కే. కానీ రుజువేదీ? అతను జవాబుల కాగితం ప్రింటు తీయించి గదికి తీసుకెళ్లాడు. పదిహేను ఎర్ర ఇంటూ గుర్తులు. ఎక్సులూ వైలూ. చూసిన కొద్దీ తలపోటు తప్ప ఏమీ రాలేదు. ముప్పై ఏళ్ల కిందట వదిలిందనుకున్న పీడ కువైట్ దాకా వెతుక్కుంటూ వచ్చిందని తిట్టుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం 12:20. సాల్మియా మాల్.

అబ్బులు కింద పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి నెలవారీ రిపోర్టు తెచ్చింది. పోయిన నెల మాల్‌కి వచ్చిన జనం 215,000. అబ్బులు అలవాటు కొద్దీ పెన్ను తీసి, కామా జరిపి 2,15,000 అని దిద్దాడు.

ఆ అమ్మాయి నవ్వింది. "సర్, ఇండియాలో తప్ప ఇలా ఎవరూ రాయరు!"

అబ్బులు పెన్ను గాల్లోనే ఆగిపోయింది. జేబులోని జవాబుల కాగితం తీశాడు. రెండు నిమిషాలు చూశాడు.

తర్వాత ఫ్లోరెన్స్‌కి ఫోను చేశాడు. "నాలుగున్నరకి అందరినీ షాపుకి రమ్మను. మాస్టారికి గోడౌన్‌లో నేను సెలవు అడుగుతాను."

సాయంత్రం 4:30. గడువుకి ఇంకా పదహారు గంటలు.

నెట్ సెంటర్ షట్టర్ సగం దించి ఉంది. అన్వర్ బాషా కౌంటర్ వెనక నిలబడ్డాడు. కేథరిన్, ఫ్లోరెన్స్ చెరో మూలా కూర్చున్నారు. మాస్టారు మధ్యలో, కుర్చీ అంచున.

అబ్బులు కాగితాన్ని కేథరిన్ చేతికిచ్చాడు. "ఎర్ర ఇంటూ వేసిన లెక్కలు సరిచూడు. ఎక్కడ తప్పిందో చెప్పు."

కేథరిన్ అయిష్టంగానే పెన్ను తీసింది. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"ఇదేంటండీ? ఇవన్నీ కరెక్టే!"

"మరి మార్కులెందుకు రాలేదు?"

"ఆ మెషీన్‌కి వట్టి అంకె కావాలి. ‘4’ అని కొట్టాలి. ఇక్కడ ‘x = 4’ అని కొట్టారు. ‘12’ దగ్గర ‘12 మీటర్లు’ అని కొట్టారు. ఇక్కడ ‘1,25,000’. కామా పెడితే అది ఒప్పుకోదు."

ఫ్లోరెన్స్ చటుక్కున లేచింది. "మొదటి రెండు వారాలూ నా మార్కులన్నీ అలాగే పోయాయి! ఏడ్చి ఏడ్చి నేర్చుకున్నాను. తర్వాత ఒక్క కామా కూడా పెట్టలేదు."

"అదే నీ రుజువు. పద్నాలుగు వారాల క్విజ్‌లన్నీ కాలేజీ దగ్గరే ఉన్నాయి. వాళ్లనే చూసుకోమను." అబ్బులు వాళ్లందరి వైపూ తిరిగాడు. "నిన్న నేనిది గంటసేపు చూశాను. నా కంటికి ఒక్క తప్పూ ఆనలేదు. ఎందుకంటే నేనూ అలాగే రాస్తాను. మీటర్లని రాయకపోతే మా మాస్టారు అర మార్కు కోసేవారు. రాసినవాణ్ణి తెలివితక్కువవాడు అనుకున్నాం, లేదా పగవాడు అనుకున్నాం. రెండూ తప్పే."

అతను కౌంటర్ వైపు చెయ్యి చూపించాడు.

"అన్వర్ బాషాకి ఆల్జీబ్రా రాదు. కేథరిన్‌కి మెషీన్ పద్ధతి కొట్టిన పిండి. చెడగొట్టాలనుకుంటే ఏదో ఒక చెత్త రాస్తుంది గానీ, కష్టపడి సరైన జవాబు తెచ్చి పక్కన మీటర్లు తగిలించదు. ఇది లెక్కలు చకచకా వచ్చినవాళ్ల పని. మెషీన్ ముఖం ఎరగనివాళ్ల పని. యూనిట్లు రాయందే జవాబు పూర్తికాదని వేలమంది పిల్లలకి చెప్పినవాళ్ల పని. అవునా మాస్టారూ?"

మాస్టారు కండువాతో ముఖం తుడుచుకున్నారు.

"నేనేనండి" అన్నారు.

ఫ్లోరెన్స్ ఆయన వైపు తిరిగింది.

"ఆ ముందు శుక్రవారం స్క్రీన్ మీద చూశానండి. శనివారం రాత్రితో ఆఖరు అని ఉంది. మన టైమే అనుకున్నాను. సాయంత్రమైపోయింది, అమ్మాయి జాడలేదు. రెండుసార్లు ఫోను చేశాను, స్విచాఫ్. పదహారు వారాల కష్టం బూడిదైపోద్దని గాబరా పుట్టింది. కూర్చుని చేసేశాను. నూరు వత్తాయనుకున్నానండి." ఆయన కండువా మళ్లీ ముఖానికి అద్దుకున్నారు. "నలభై ఒకటి! ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పినోణ్ణి! ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు?"

"రాయమని నేనడిగానా?" ఫ్లోరెన్స్ గట్టిగా అరిచింది. "నిన్నటి నుంచి చచ్చిపోతున్నాను మాస్టారూ! తోటి మనిషిని దొంగ అనుకున్నాను. మీరు రెండో క్యాబిన్‌లో కూర్చుని చూస్తా ఊరుకున్నారు. మీ సిగ్గు కోసం నా ఉద్యోగం పోవాలా?"



అబ్బులు తెల్ల కాగితం ముందు పెట్టాడు. "జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో రాయండి. కింద సంతకం."

మాస్టారు పెన్ను తీసుకున్నారు. ఒక చోట ఆగారు.

"మార్కులు కూడా రాయాలా అండి?"

"రాయాలి."

రాశారు. 5:40కి అన్వర్ బాషా ఆ ఉత్తరం స్కాన్ చేశాడు. డ్యూటీ హాజరు కాగితం, పాత క్విజ్‌లు జతచేసి ఫ్లోరెన్స్ మెయిల్ పంపింది. తర్వాత కేథరిన్ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"నన్ను క్షమించు."

"ముందు పాసవ్వు. పోట్లాట తర్వాత చూసుకుందాం" అంది కేథరిన్.

మంగళవారం ఉదయం 7:55కి జవాబు వచ్చింది. ఆరోపణ కొట్టేశారు. పాత పరీక్ష రద్దు. పాస్‌వర్డ్ మార్చుకుని శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి కొత్త పరీక్ష రాయాలి. ఇదే చివరి అవకాశం.

శుక్రవారం 3:00. ఫ్లోరెన్స్ నాలుగో క్యాబిన్‌లోకి వెళ్లింది. అబ్బులు ఆ గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఈగని కూడా లోపలికి పోనివ్వలేదు. లోపల్నుంచి రెండుసార్లు బల్ల గుద్దిన చప్పుడు, ఒకసారి ఆ మెషీన్‌ని తిట్టిన తిట్టు వినిపించాయి. అబ్బులు తన పదో తరగతి పరీక్షకి కూడా ఇంత భయపడలేదు.

4:52కి ఆమె బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎంత?"

"ఎనభై మూడు."

అబ్బులు స్టూలు మీంచి లేచి ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఫ్లోరెన్స్ ఫోను తీసింది. మాస్టారు నాలుగు రోజులుగా షాపు ఛాయలకి రావడం లేదు. ఆయన నంబరు కొట్టి స్పీకర్ ఆన్ చేసింది.

"మాస్టారూ, నేను. ఎనభై మూడు వచ్చాయి."

అటువైపు ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"మిగతా పదిహేడూ ఎక్కడ పోయాయమ్మా?"

ఫ్లోరెన్స్‌కి ఒళ్లు మండింది.

"మీ యాభై తొమ్మిదీ ఎక్కడికి పోయాయో అక్కడికే మాస్టారూ!" అంది.