తెరవని బ్యాగు

మగ్గం మీద నాడె లేదు.

భోజనాల విరామం అయ్యాక తలుపులు తీసేసరికి ఆ సంగతి బయటపడింది. మగ్గం ఉంది. సగం నేసిన బట్ట ఉంది. చుట్టూ కట్టిన తాడు ఉంది. పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తే చెక్క నాడె మాత్రం మాయమైంది. పడవలా ఉంటుంది. జానెడున్నర పొడవు. ఏ సంచిలోనైనా పట్టేస్తుంది.

పోలీసులకు ఫోన్ చేసింది గైడు. గొంతు పెద్దది కాబట్టి మ్యూజియంలో అందరూ అతన్ని 'మైకు' అంటారు. డైరెక్టర్‌ని అడగకుండానే ఫోన్ కొట్టేశాడు.

జానపద కళల మ్యూజియంలో దొంగతనం అనగానే ఇన్‌స్పెక్టర్‌కు నవ్వొచ్చింది. పాత కుండలు, చేటలు, తిరగళ్లు. ఎవడికి కావాలివి? కానీ గుమ్మంలో ఎదురొచ్చిన డైరెక్టర్ ముఖం చూసి నవ్వు మింగేశాడు. ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మగ్గం గదిని ఆనుకున్న హాల్లో ఓ కుర్చీ మీద డైరెక్టర్ ల్యాప్‌టాప్ బ్యాగు ఉంది. ఇన్‌స్పెక్టర్ తన టోపీ దాని మీద పెట్టి, పక్క కుర్చీలో కూర్చున్నాడు.

కెమెరా ఫుటేజ్ చూశాడు. మగ్గం గది గుమ్మం వరకే కనబడుతుంది. విరామంలో లోపలికి వెళ్లింది ముగ్గురు. కిటికీలు వేయడానికి గార్డు. మరిచిపోయిన కళ్లజోడు కోసం మైకు. రోజువారీ రౌండ్లకు డైరెక్టర్. సందర్శకులంటే ఒక స్కూలు ఆడపిల్లలే. వాళ్లంతా ఆ సమయంలో బయట వరండాలో అన్నాలు తింటున్నారు.

ఇన్‌స్పెక్టర్ ముందు గార్డును పిలిచాడు. నలభై ఏళ్ల మనిషి. అందరికీ అక్క.

"లోపల ఎంతసేపున్నావు?"

"కిటికీలు వేసినంతసేపు సార్."

"నాడె చూశావా?"

"చూళ్లేదు. రోజూ ఉండేదేగా."

మైకు చాలాసేపు మాట్లాడాడు. అందులో పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. తరువాత డైరెక్టర్ ఇన్‌స్పెక్టర్‌ను పక్కకు తీసుకెళ్లాడు.

"అక్క మంచిదేనండీ. ఇంట్లో గడవడమే కష్టం. నేను ఎవరి పేరూ చెప్పను. మా నాన్నగారు హెడ్మాస్టరుగా చేశారు. ఒకరి మీద నింద వేసే అలవాటు మా ఇంట్లో లేదు."

పేరు చెప్పనంటూనే చెప్పేశాడు. ఇన్‌స్పెక్టర్‌కు అది చాలింది.

"సంచి తెరువు," అన్నాడు గార్డుతో.

అప్పటికే పిల్లలు హాల్లోకి వచ్చి వరుసగా నిలబడ్డారు. వాళ్లను బయటికి పంపాలన్న ఆలోచన అతనికి రాలేదు. అతని వెంట వచ్చిన లేడీ కానిస్టేబుల్ సంచిని బల్ల మీద బోర్లించింది. టిఫిను డబ్బా. పళ్లు విరిగిన దువ్వెన. మాసిక వేసిన జాకెట్టు. రెండు నీలం రిబ్బన్లు.

జాకెట్టు చూసి ఎవరో పిల్ల కిసుక్కుమంది.

ఇన్‌స్పెక్టర్ చూపు రిబ్బన్ల మీద ఆగింది. వరుసలో ఉన్న పిల్లల జడలన్నిటికీ అవే నీలం రిబ్బన్లు.

"ఇవెవరివి?"

గార్డు వరుస వైపు చూడబోయి, తల దించుకుంది. "పక్కింటి పిల్లవి సార్."

అబద్ధం. అతని ముక్కు అబద్ధాన్ని ఆమడ దూరం నుంచే పసిగడుతుంది. రిబ్బను దగ్గర అబద్ధమాడే మనిషి నాడె దగ్గర నిజం చెబుతుందా? మూల కుర్చీలో కూర్చోమన్నాడు. రేపటి నుంచి పనిలోకి రావద్దని డైరెక్టర్ ఆమెతో మెల్లగా చెప్పడం అతనికి వినిపించింది. ఆమె బతిమాలలేదు. వస్తువులు బల్ల మీదే ఉండిపోయాయి.

కేసు ముగిసిందనుకుంటుండగా పిల్లల టీచర్ ఫోన్ పట్టుకుని వచ్చింది. విరామానికి ముందు మగ్గం దగ్గర తీసిన ఫోటో. పనికొస్తుందేమో చూడమంది.

ఫోటోలో నాడె ఉంది. పిల్లలున్నారు. ఓ చివర గార్డు ఉంది. ఇన్‌స్పెక్టర్ వేళ్లతో ఫోటోను పెద్దది చేశాడు. బట్ట అంచు దగ్గర ఒక పడుగు దారం తెగి వేలాడుతోంది.

లేచి మగ్గం దగ్గరికి వెళ్లాడు. ఇప్పుడు వేలాడే దారం ఏదీ లేదు. పడుగు మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపాడు. ఒకచోట ఆవగింజంత ముడి తగిలింది. తెగిన రెండు కొసలూ అందక, మధ్యలో చిన్న దారం ముక్క చేర్చి అతికారు.

తన చొక్కా గుండీ దారం పీకి అలాంటి ముడి వేయబోయాడు. షూ లేసు తప్ప మరోటి కట్టెరగని వేళ్లు. చిక్కు పడిందే గానీ ముడి పడలేదు.

మగ్గం పని ఎవరికి వచ్చని ముగ్గురినీ అడిగాడు. ఎవరికీ రాదన్నారు. తను పుస్తకాల్లో చదివిందే తప్ప చేత్తో ముట్టింది లేదన్నాడు డైరెక్టర్.

టీచర్‌ను మరో మాట అడిగాడు. ఫోటో తీసినప్పుడు ఏమైనా జరిగిందా? పెద్దగా ఏమీ లేదంది. నాడె కొసన చిన్న చిన్న పంటి గాట్లున్నాయని, పళ్లు వస్తున్న ఏ బుడతడో కొరికి ఉంటాడని గార్డు చెప్పిందట. పిల్లలు పడీపడీ నవ్వారట. గుమ్మంలో ఉన్న డైరెక్టర్ మాత్రం నవ్వలేదట.

"అందరినీ మగ్గం దగ్గరికి రమ్మనండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పిల్లల్ని కూడా. సంచి బోర్లించడం చూసినవాళ్లు ఇదీ చూడాలి."

టీచర్ దగ్గర కత్తెర అడిగి తీసుకున్నాడు. తాడు మీదుగా వంగి, పడుగులో ఒక పోగును టక్కున కత్తిరించాడు.

మైకు నోరు తెరిచాడు. గార్డు ఇన్‌స్పెక్టర్ ముఖం వంక చూసింది. డైరెక్టర్ ఎవరి ముఖమూ చూడలేదు. ఆయన చెయ్యి తాడు దాటి వచ్చి, రెండు కొసలూ జారిపోకముందే పట్టేసుకుంది. బొటనవేలు, చూపుడువేలు వాటిని అప్పుడే మెలిపెడుతున్నాయి.

అంతలో ఆ చెయ్యి ఆగిపోయింది.

"విరామంలోనూ అదే జరిగింది సార్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నాడె తీశారు. వెంటనే వెళ్లిపోతే దొరికేవారు కాదు. తెగిన పోగు కంటబడింది. నేత నేర్చిన చెయ్యి దాన్ని అలా వదిలేసి రాలేకపోయింది. మీ బ్యాగు తెరవండి."

అందరూ హాల్లోకి వచ్చాక, బ్యాగు మీది టోపీ అతనే తీయాల్సి వచ్చింది. ఇంతసేపూ ఆ బ్యాగు పక్కనే కూర్చున్నాడు. దాన్ని తెరిపించాలని ఒక్కసారీ అనిపించలేదు. టోపీ తలకు పెట్టుకోలేక చేత్తో పట్టుకున్నాడు.

ల్యాప్‌టాప్ వెనక నాడె ఉంది. కొసన పంటి గాట్లు.

"అవి నావే," అన్నాడు డైరెక్టర్. పోయిన నెల పాత సామాన్లతో పాటు ఆ మగ్గం వచ్చిందట. చూడగానే తన ఇంటిదని గుర్తుపట్టాడట. నోరు విప్పలేదు. తండ్రి ఇప్పుడు తన ఇంట్లోనే, మేడ మీద గదిలో ఉన్నాడు. ఇంటికి వచ్చినవాళ్లకు ఆయన్ని దూరపు చుట్టమని చెబుతాడట.

"పిల్లలు నవ్వితే నన్ను చూసే నవ్వినట్టయింది. ఎవరో ఒకరు ఆరా తీసి కనిపెట్టేస్తారనిపించింది."

"మరి ఈవిడ సంచి బోర్లించినప్పుడు మీకేమనిపించింది?"

ఆ ప్రశ్న తనకూ తగులుతుందని అడిగాక గానీ ఇన్‌స్పెక్టర్‌కు తెలియలేదు.

అతను బల్ల దగ్గరికి వెళ్లాడు. "హాల్లో రెండు బ్యాగులున్నాయి. ఒకటే తెరిపించాను. తప్పు నాదేనండీ. మీరు..." అంటూ జాకెట్టు మడతపెట్టబోయాడు.

"వద్దు సార్. నేను సర్దుకుంటాను," అందామె, దాన్ని అతని చేతుల్లోంచి తీసేసుకుంటూ.

అతను డైరెక్టర్ వైపు తిరిగాడు. "స్టేషన్‌కు రావాలి. ముందు ఆ పోగు అతకండి."

డైరెక్టర్ మళ్లీ మగ్గం దగ్గరికి వెళ్లి వంగాడు. రెప్పపాటులో ముడి పడింది.

"మీకిది ఎవరు నేర్పారు సార్?" వరుసలోంచి ఓ పిల్ల అడిగింది.

"మా నాన్న."

"హెడ్మాస్టరు గారా?" మైకు అమాయకంగానే అడిగాడు. హాలంతా మోగింది.

"కాదు," అన్నాడు డైరెక్టర్, మగ్గం వైపే చూస్తూ. "నేతపని చేసేవాడు."

ఎవరూ నవ్వలేదు. అడిగిన పిల్ల వరుసలోంచి బయటికి వచ్చింది. పొద్దుటి నుంచీ గార్డుకు దూరంగా, వరుసకు ఆ చివరే నిలబడిన పిల్ల. బల్ల దగ్గరికి వెళ్లి నీలం రిబ్బన్ల మీద చెయ్యి వేసింది.

గార్డు కంగారుగా, "అవి పక్కింటి..." అనబోయింది.

"నావే అమ్మా," అంది ఆ పిల్ల, వెనక వరుస దాకా వినబడేలా. "సంచి నేను పట్టుకుంటా. సర్దు."