గిత్తకు సరిపోయిన ఇల్లు

గౌరునాయుడి ఇల్లు తూకపు గద్దె మీదికి ఎక్కేసరికి, వెనక వరుసలో నిలబడ్డ ఇళ్ల కిటికీలన్నీ తెరుచుకున్నాయి, తలకాయలన్నీ బయటికొచ్చాయి.

భీమిలి తీరాన సముద్రం ఊళ్లోకి నడిచొచ్చి, తిరిగి వెళ్లడం మరిచిపోయాక పునాదులున్న ఇల్లంటూ మిగల్లేదు. అందరివీ చక్రాల మీద నిలిచే బండిళ్లే. చలికాలం ఇసుక మీద కాపురం, ఎండాకాలం అనంతగిరి కొండ మీద. అక్కడికీ ఇక్కడికీ ఇంటిని లాగడానికి ఈడ్పుబండి కావాలి. ఏ ఇంటికి ఏ ఈడ్పుబండి తగినదో తేల్చే యంత్రం పేరు జతకూర్పరి. పెళ్లిళ్లు కుదిర్చేవాళ్లకైనా నచ్చజెప్పుకోవచ్చు గానీ దానికి చెప్పలేం. ఇంటిని మనుషులతో సహా తూచి, ముందు కొక్కెం మీద ఎంత బరువు పడుతోందో చూసి, సరిగ్గా అంత మాత్రమే లాగగల బండిని కడుతుంది. కరెంటును పొదుపుగా పంచుకునే రోజులు కదా, పిసరంత బలం కూడా మిగుల్చదు. చిన్న ఈడ్పుబండి గిత్త, మధ్యది ఎద్దు, పెద్దది ఏనుగు.

గిత్త లాగే ఇల్లంటే ఆ జనంలో ఎంత గౌరవమో! సామాన్ల మీద ఆశ వదిలేసిన మనుషులని అర్థం. అలాంటి ఇళ్లకే కొండ మీద మంచినీటి ఊటపక్కన చోటు.

గౌరునాయుడు ఊరుకునే రకమా? ఏడాది పొడుగునా కోతలు కోశాడు. "నా ఇల్లా? కిందటేడు గాలొస్తే ఎగిరెల్లి కొబ్బరిచెట్టు మీద వాలింది. రెండ్రోజులు అక్కడే వొండుకున్నాం. దానికి ఈడ్పుబండెందుకు, మేకపోతుని కట్టినా కొండెక్కించీగలదు!"

జతకూర్పరి ఒంటికన్ను వెలిగింది. "ఈ ఇంటికి తగినది ఎద్దు. గిత్త కావాలంటే కొంత బరువు దించుకోండి."

వెనకింటి జగ్గునాయుడు ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు అరిచాడు. "ఏటి బావా, మేకపోతు కడుపుతో ఉందేటి?"

వరుసంతా ఘొల్లుమంది. గౌరునాయుడు మొహం కందగడ్డయింది. ఇంట్లోకొచ్చి చుట్టూ చూశాడు. రుబ్బురోలు ఎప్పుడో పోయింది. ఇత్తడి పోయింది. మిగిలినవి నాలుగు గిన్నెలు, బియ్యం డబ్బా, పరుపు, భార్య దేముడమ్మ. ముందు కిటికీ పక్క, సరిగ్గా కొక్కేనికి పైన ఉన్న బెంచీ మీద మేనత్త పోలమ్మ. తల్లి పోయిన నాటి నుంచి అతన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. ఇప్పుడు పుల్లల మోపులా ఉంది.

"అత్తా, అలా కొట్టుకాడికెల్లి టీ తాగుతుండు. పిలుస్తాను."

పోలమ్మ అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "పంచదార ఎక్కువెయ్యమని సెప్పు మరి," అంటూ చెప్పులు వేసుకుంది. దేముడమ్మ తల తిప్పుకుంది.

టీకొట్టు దగ్గర బెంచీలు నిండిపోయి ఉన్నాయి. అన్నీ నెరిసిన తలలే. ఎవరో జరిగి పోలమ్మకు చోటిచ్చారు. గౌరునాయుడు అది చూశాడు గానీ, ఎందుకని తనను తాను అడగలేదు. అడగడానికి భయమేసింది.

"ప్రయాణించేవారంతా లోపలే ఉన్నారా?" అంది జతకూర్పరి.

"అందరూ ఉన్నారు." గౌరునాయుడు ఖాళీ బెంచీకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ ఇంటికి తగినది గిత్త. అభినందనలు."

చప్పట్లు మోగాయి. ఏడాదిగా ఎదురుచూసిన చప్పట్లు. అతనికి మాత్రం చెంపల మీద పడుతున్నట్టే ఉంది. గద్దె దాటి మలుపు తిరిగాక అత్తను ఎక్కించుకున్నాడు. ఆమె వైపు చూడకుండా, "టీ బాగుందా?" అన్నాడు.

"పంచదార సాల్లేదు," అంది పోలమ్మ.

చదును నేల మీద గిత్త హుషారుగా పరిగెత్తింది. కొండదారి మొదటి మలుపులోనే ఠపీమని ఆగింది. వెనకబళ్లు జాగ్రత్తపడాలని ఈడ్పుబళ్లు ఏదైనా అందరికీ వినబడేలా చెబుతాయి.

"ఎత్తు ఎక్కలేను. నలభై రెండు కేజీలు అదనం. అదనాన్ని దించండి."

గౌరునాయుడు బియ్యం డబ్బా మీద పడ్డాడు. "ఇది పట్టుకోవే! పరుపు కూడా లాగీ!"

"బియ్యమెందుకురా?" పోలమ్మ అప్పటికే గుమ్మంలో ఉంది. "అది అడిగింది బియ్యాన్ని కాదు. నా బరువు నాకు తెల్దా?"

అతను చెయ్యి చాచేలోగా ఆమె దిగిపోయింది. గిత్త కదిలింది. "ధన్యవాదాలు. బరువు సరిపోయింది."

అంతలో వెనక మలుపులోంచి మరో గొంతు, "అదనాన్ని దించండి." దాని కిందినుంచి ఇంకోటి. ఆపైన ఇంకోటి. కొండంతా అదే మాట. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది, ఒక్కొక్క గుమ్మంలోంచి ఒక్కొక్క ముసలి ప్రాణం దిగింది. జగ్గునాయుడి తండ్రి చేతికర్రతో దిగి పోలమ్మను చూసి నవ్వాడు.

"నువ్వు కూడానా మావా?" అందామె.

"మావోడు నయమే పోలమ్మా. టీతో పాటు గారె కూడా ఇప్పించాడు. మీవోడు ఒట్టి టీతో సరిపెట్టీసేడు కదా!"

గౌరునాయుడు కదిలే ఇంట్లోంచి దూకేశాడు. బరువు ఇంకా తగ్గడంతో గిత్త గొంతు లోయంతా మోగింది. "ఈ వరుసలో అతి తేలికైనది గౌరునాయుడి ఇల్లు. ఊటపక్క మొదటి చోటు వారిదే."

అతను తల వంచుకుని అత్త దగ్గరికి వెనక్కి నడిచాడు. "ఎక్కు అత్తా. నాను దిగీసేను కదా, సరిపోద్ది. నీ కాళ్లు పట్టుకుంటాను."

"వొద్దులేరా. దిగడం అలవాటు సేసుకోనీ. చలికాలం మల్లీ తూస్తారు కదా." పోలమ్మ అతని భుజం పట్టుకుని, పైమలుపు ఎక్కుతున్న ఇంటిని చూపించింది. "సూడు, ఎంత తేలిగ్గా పోతందో. నువ్వన్నది నిజమేరా. దానికిప్పుడు మేకపోతు సాలు."

ముసలివాళ్లంతా పగలబడి నవ్వారు. ఆ నవ్వు కొండంతా వినబడింది. ఏ ఇంటి కిటికీ తెరుచుకోలేదు.