భోజనాల వేళ వచ్చే ముఖం

మందుల షాపు పైనున్న ఆ చిన్న ఆఫీసులోకి వచ్చినావిడ కూర్చోమన్నా కూర్చోలేదు. కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని నిలబడింది. 

"దొంగతనం మోపితే ఎలాగో పడేదాన్నండీ. నా మీద దయ్యాన్ని మోపారు," అంది ఆవిడ.

టీచరమ్మ కళ్ళద్దాలు తుడుచుకోవడం ఆపింది. ఇరవయ్యేళ్ళు బళ్ళో సైన్సు చెప్పి, ఆ ఉద్యోగం మానేసి డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. బోర్డు మారినా పిలుపు మారలేదు. ఆమె తమ్ముడి భార్యే ఇక్కడ సహాయకురాలు. ఆడపడుచు కింద ఉద్యోగమేమిటే అని చుట్టాలు నవ్వారు గానీ, వదిన ఒక మనిషి చేత నిజం చెప్పించే తీరు చూడ్డానికి మరదలు జీతం లేకపోయినా వచ్చేది. ఆ మాట మాత్రం పైకి అనలేదు.

"ముందు మంచినీళ్ళు తాగమ్మా. తర్వాత దయ్యం సంగతి."

నీళ్ళు తాగాక ఆవిడ చెప్పింది. సైనికులకు బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కొలతలు తీసే ఉద్యోగం ఆవిడది. అందరూ కొలతలమ్మ అనే పిలుస్తారు. చొక్కాను పరీక్షించడానికి, మనిషి ఛాతీ అంత బంకమట్టి దిమ్మను ఒక పెట్టెలో బిగించి, ఒంటి వేడికి వెచ్చబెట్టి, దానికి చొక్కా తొడిగి కాలుస్తారు.

"తూటా ఆగితే చాలదండీ. వెనక మట్టిలో ఎంత గుంత పడిందో చూడాలి. నలభై నాలుగు మిల్లీమీటర్లు దాటిందంటే తూటా లోపలికి రాకపోయినా మనిషి గుండె నలిగిపోతుంది."

"మరి దయ్యం?"

"మట్టిని చూసుకునే తాత ఉండేవాడు. రెండు నెలల కిందట పోయాడు. అప్పట్నుంచి మధ్యలో కొన్ని రోజులు, భోజనాలకి వెళ్ళి వచ్చేసరికి మట్టిలో ముఖం ఉంటోంది. గదికి తాళం వేసే ఉంటుంది. తాళంచెవి నా కొంగున ఉంటుంది. ముఖం వచ్చిన రోజున చొక్కాలన్నీ పరీక్ష తప్పుతున్నాయి." ఆవిడ గ్లాసు బల్లమీద పెట్టింది. "నేనే పాడు చేస్తున్నానంటున్నారు. రేపు సైన్యం వాళ్ళ ఎదుట ఆఖరి పరీక్ష. ఇవాళ సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే పోలీసులకి అప్పగిస్తామన్నారు. ఆ చొక్కాలు మొట్టమొదట వెళ్ళేది మా తమ్ముడి దళానికేనండీ. నేనెందుకు పాడు చేసుకుంటాను?"

టీచరమ్మ లేచి చెప్పులు వేసుకుంది.

పరీక్షగదిలో అడుగు పెట్టగానే మరదలికి చెవులు మూసుకుపోయినట్టయింది. చప్పుడు బయటికి పోకుండా గోడల నిండా మెత్తని దిండ్లు. మాట నోటి దగ్గరే చచ్చిపోతోంది. కాసేపటికి తన గుండె తనకే వినిపించడం మొదలైంది. గది మధ్యలో బల్లమీద ఆ మట్టిదిమ్మ, తలా చేతులూ లేని మనిషిలా.

ఫ్యాక్టరీ యజమాని అల్లుడు దానికి నీలం బనీనొకటి తొడిగి పట్టీలు బిగిస్తున్నాడు. కొత్త చొక్కా తయారుచేసిన ఇంజినీరు అతనే. పాతదాంట్లో సగం బరువట.

"ఇదేంటి బాబూ?"

"చల్లబనీనండీ. ఎండలో కాపలా కాసే సైనికులు చొక్కా లోపల వేసుకుంటారు. సంచుల్లో గడ్డకట్టిన జెల్ ఉంటుంది. మట్టి ఒంటివేడి మీద ఉంటుంది కదా, ఎంతసేపు చల్లగా ఉంటుందో చూడ్డానికి రోజూ భోజనాల వేళ కట్టి వెళ్తాం."

"మంచి పని. పొద్దున్న మట్టి పరీక్షించారా?"

"ఇనుపగుండు వేసి చూశానండీ," అంది కొలతలమ్మ. "పైనుంచి వదిలితే ఎంత దిగాలో అంతే దిగింది. వేడి కూడా సరిగ్గా ఉంది." పెట్టె వెనకవైపు లోతుగా దిగిన థర్మామీటరు చూపించింది.

దిమ్మ ఎదుట పొడవాటి ఇరుకు నడవా, చివర ఇనుపరేకు. ఆ రేకు అవతల తుపాకీ గది. అక్కడ రిటైరైన సుబేదారు తుపాకీ తుడుచుకుంటున్నాడు. పక్కన కొత్త హెల్మెట్లు తొడిగి చూసే బొమ్మతల. తలంతా దుమ్ము పట్టి ఉంది గానీ, దాని ముక్కు మాత్రం నూనె రాసినట్టు మెరుస్తోంది.

"ఈ రేకు ఎవరు ఎత్తుతారు బాబాయిగారూ?"

"నేనేనమ్మా. ఈ వైపునుంచే లేస్తుంది. తూటాకి తప్ప ఎవరికీ దారివ్వను," అని ముసిముసిగా నవ్వాడు. "గట్టిగా అడగండి. తుపాకులతో చెవులు పోయాయి. అందుకే నా మాట ఇక్కడ ఎవరికీ వినపడదు!"

టీచరమ్మ కొలతల పుస్తకం అడిగి తీసుకుంది. కొలతలమ్మ పరీక్షగదికి తాళం వేసింది. భోజనాల గదిలో టీచరమ్మ ఆమెను తమ మధ్యనే కూర్చోబెట్టుకుని పేజీలు తిప్పుతూ ముద్దలు మింగింది.

"వదినా, చూసి తిను. ఆ పుస్తకం నోట్లో పెట్టుకునేలా ఉన్నావు."

"రుచిగానే ఉందే. తాత బతికున్నప్పుడు కొత్త చొక్కా ఎన్నిసార్లు నెగ్గిందో చూడు."

మరదలు చూసింది. ఒక్కసారి కూడా లేదు. తాత పోయాక పంతొమ్మిది రోజులు నెగ్గింది. ఏడు రోజులు తప్పింది. ఆ ఏడూ ముఖం కనబడ్డ రోజులే.

"తాత పగబట్టాడంటావా?"

"ముఖం వచ్చాక మట్టిని ఏం చేస్తారమ్మా?" అని టీచరమ్మ కొలతలమ్మనడిగింది.

"పాడైన దిమ్మను వాడకూడదని నిబంధనండీ. మట్టంతా తీసి, మళ్ళీ పిసికి, వెచ్చబెట్టి, గుండు వేసి చూసి, వెంటనే కాలుస్తాం."

"వెంటనే," అంది టీచరమ్మ, ఆ మాటను చప్పరించినట్టుగా.

కొలతలమ్మ తాళం తీసింది. అల్లుడుగారు బనీను పట్టీలు విప్పి లాగాడు. మరదలు వేసిన కేక దిండ్ల గోడల్లోకి ఇంకిపోయింది.

మట్టిలోంచి ముఖం చూస్తోంది. కళ్ళు మూసుకుని ఉన్నా చూస్తోంది. మరదలు పక్కకి జరిగితే అదీ తల తిప్పింది. ఇటు జరిగితే ఇటు తిప్పింది.

"వదినా! అది కదులుతోంది!"

"కదలదు. అది బయటికి ఉబ్బిన ముఖం కాదు, లోపలికి నొక్కిన గుంత. గుంతను ముఖమనుకుంటే మన కళ్ళే దాన్ని తిప్పుతాయి. దగ్గరికి వెళ్ళి చూసి చెప్పు."

వెళ్ళక తప్పలేదు. "కనుబొమలు లేవు. ముడతలు లేవు. చచ్చిపోయాక మనిషి ఇంత నున్నగా అవుతాడా? అంచులు మాత్రం పగిలిన మడమల్లా బీటలు తీశాయి." ధైర్యం చేసి అరచేయి ఆనించి, చటుక్కున వెనక్కి లాక్కుంది. "చల్లగా ఉంది వదినా. శవంలా ఉంది."

"తొడుగుల్లేకుండా ముట్టుకోకూడదు!" అన్నాడు అల్లుడుగారు గట్టిగా. "చేతి జిడ్డు అంటుకుంటుంది. దిమ్మ పాడైంది కదా, పిసకడానికి తీసుకెళ్ళమంటాను."

"ఎవరూ కదపొద్దు. మామగారినీ సుబేదారుగారినీ పిలవండి."

యజమాని చిరాగ్గా వచ్చాడు. "చూశారుగా? ఈవిడ దగ్గర తప్ప తాళంచెవి లేదు."

"తాళం వేసినప్పటినుంచీ ఈవిడ నా పక్కనే ఉంది. మంచినీళ్ళకి కూడా లేవలేదు. అందుకని వేరే గుమ్మం వెతకాల్సి వచ్చింది." టీచరమ్మ నడవా చివరకి వేలు చూపించింది. "మీరంతా దాన్ని తూటా వచ్చే దారి అనుకున్నారు. అది మనిషి పట్టే దారి కూడా. ఆ వైపునుంచే రేకు లేస్తుంది. ఆ గదిలో ఒక బొమ్మతల ఉంది. బనీను పట్టీలు విప్పి దాన్ని మట్టిలో నొక్కి, మళ్ళీ కట్టెయ్యొచ్చు. మట్టిలో నూనె ఉంటుంది, ఆ తల ముక్కు మెరుస్తోంది. మీకు తాత గుర్తొచ్చాడు గనక అందులో తాతే కనబడ్డాడు."

అందరూ సుబేదారు వైపు తిరిగారు. ఆయన తల దించుకోలేదు.

"నా ఉప్పు తిన్నవాడని నమ్మాను, చూడు!" అన్నాడు యజమాని తననే తిట్టుకుంటున్నట్టు.

"ఆగండి. ఆయన పాడు చేసింది దిమ్మను. దాన్ని అంతకుముందే ఇంకొకరు పాడు చేశారు." టీచరమ్మ కొలతలమ్మ వైపు తిరిగింది. "ముఖం పక్కన ఖాళీ ఉంది. పొద్దున్న ఎలా వేశావో అలాగే గుండు వెయ్యమ్మా."

పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టారు. కొలతలమ్మ గుండును పైకెత్తి వదిలింది. టక్కుమంది. కొలబద్ద దించి చూసి, తుడిచి మళ్ళీ దించింది.

"పొద్దున్న దిగినదాంట్లో మూడోవంతు తక్కువ దిగిందండీ."

"థర్మామీటరు?"

"సరిగ్గానే ఉంది!"

"అది వెనకాల, లోతులో ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పిండి ముద్ద పైన గట్టిగా ఉంటుంది, నొక్కితే అంచులు పగులుతాయి. పొద్దున్న గుండు వేసి మట్టి మెత్తగా ఉందని రాస్తారు. తర్వాత గంటసేపు దాని ఛాతీకి గడ్డకట్టిన జెల్ కడతారు. మట్టి బిగుసుకున్నాక కాలుస్తారు. గుంత చిన్నదవుతుంది, చొక్కా నెగ్గుతుంది. తాత ఉండగా మట్టి మీద చెయ్యి కూడా వెయ్యనిచ్చేవాడు కాదు. అప్పుడెప్పుడూ నెగ్గలేదు. ముఖం వచ్చిన ఏడు రోజులూ మట్టి కొత్తగా పిసికి వెంటనే కాల్చారు. దయ్యం వచ్చిన రోజే చొక్కా చెడింది అనుకున్నారు మీరు. దయ్యం వచ్చిన రోజే పరీక్ష నిజంగా జరిగింది."

అల్లుడుగారి చేతిలో నీలం బనీను ఇంకా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూస్తున్నాడు.

"నాలుగైదు మిల్లీమీటర్లే," అన్నాడు మెల్లగా. "నాలుగైదు మిల్లీమీటర్ల కోసం మూడేళ్ళ పని పారెయ్యమంటారా? ఇంకో ఏడాదిలో సరిచేసేవాణ్ణి. మామయ్యగారు ఏడాది ఇవ్వలేదు."

"నాతో చెప్పావా?" అన్నాడు యజమాని.

"చెప్తే వింటారా? ఇంట్లో ఏ కూర వండాలన్నదాంట్లో కూడా నా మాట సాగనివ్వరు."

టీచరమ్మ సుబేదారు దగ్గరికి వెళ్ళి గొంతు పెంచింది.

"మీకెలా తెలిసింది బాబాయిగారూ?"

"తెలియలేదమ్మా. చొక్కా వెనక మట్టి దెబ్బ తింటే నా కాళ్ళకి తెలుస్తుంది. నేల అదురుతుంది. తాత పోయాక ఆ అదురు మారింది. అబ్బాయిగారితో చెప్పాను, థర్మామీటరు చూపించారు. చెవిటివాడి కాళ్ళ మాట ఎవరు నమ్ముతారు? దిమ్మ పాడైతే మళ్ళీ పిసుకుతారని మాత్రం తెలుసు, అందుకే వీలు చిక్కినప్పుడల్లా ఆ తల నొక్కాను. ఈ అమ్మాయి మీదికి వస్తుందని నేననుకోలేదు. నన్ను క్షమించు తల్లీ."

కొలతలమ్మ తొడుగులు వేసుకుంది. "మట్టి పిసకండి. ఇప్పుడే కాలుద్దాం," అంది.

"అవసరమా?" అన్నాడు యజమాని నీరసంగా.

"పంతొమ్మిది రోజులు నెగ్గిందని రాసింది నా చెయ్యండీ. నేను చూడాలి."

రెండు గంటల తర్వాత తుపాకీ పేలింది. చొక్కా విప్పారు. తూటా లోపలికి రాలేదు. మట్టిలో మాత్రం గిన్నెలా గుంత. కొలతలమ్మ కొలబద్ద దించింది.

"నలభై తొమ్మిది."

"మళ్ళీ చూడు," అన్నాడు యజమాని.

"నలభై తొమ్మిదండీ."

ఆయన కలం తీసి ఆమెకే ఇచ్చాడు. "అదే రాయి. రేపు వచ్చేవాళ్ళకి ఈ పేజీ నేనే చూపిస్తాను. పాత పేజీలు కూడా."

ఆమె అంకె వేసి, సంతకం పెట్టి, వసారాలోకి వచ్చి ఫోను తీసింది. అవతల తమ్ముడి గొంతు పక్కనున్న మరదలికి కూడా వినిపించేంత హుషారుగా ఉంది.

"అక్కా! కొత్తవి ఎప్పుడొస్తున్నాయే? ఈ పాతది మోసి మోసి భుజాలు పడిపోతున్నాయి. నెగ్గింది, నెగ్గిందని నువ్వేగా ఊరించావు!"

"నేను తప్పు చెప్పానురా."

"అంటే?"

ఆమె గోడకి ఆనుకుంది. కళ్ళనీళ్ళు కారుతున్నాయి గానీ గొంతు మాత్రం ఎక్కడా తొణకలేదు.

"రావట్లేదు. ఆ పాతదే వేసుకో. బరువని మధ్యలో విప్పావంటే చంపేస్తాను. ఇంకొన్నాళ్ళు మొయ్యరా నాన్నా."